గుంటూరు సారు ముందు చక్రం

పోయిన ఆదివారం పొద్దున నడకకు వెళ్ళినప్పుడు ఎల్బీ నగర్ మెట్రో స్టేషను కింద ఒక సైకిళ్ళ గుంపు కనబడింది. పదిహేను మంది దాకా ఉంటారు. నెత్తిన గట్టి టోపీలు, ఒంటికి అతుక్కున్న రంగుల బనీన్లు. ఎక్కడినుంచో తొక్కుకుంటూ వచ్చి చాయ్ తాగుతున్నారు. తాగుతూ ఒకరి సైకిల్ ఒకరు చూసుకుంటున్నారు. ఒకతను తన సైకిల్‌ను రెండు వేళ్ళతో పైకెత్తి అదెంత తేలికో చూపిస్తున్నాడు. ఇంకొకతను కొత్తగా బిగించుకున్న సీటు మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తియ్యకుండానే మాట్లాడుతున్నాడు. ఆ చెయ్యి చూసి నేను ఆగాను. కొత్త సీటు కొన్నవాడి చెయ్యి ఏ కాలంలోనైనా అక్కడే ఉంటుంది.

వాళ్ళలో ఒక పిల్లవాడి వెనక చక్రం వంకరగా తిరిగి బ్రేకు రబ్బరుకు రాసుకుంటున్నది. అంత పొద్దున ఏ షాపూ తెరవరు. వాళ్ళ సంచిలో స్పోకులు బిగించే పానా ఉంది గాని, దాన్ని ఎటు తిప్పాలో ఎవరికీ తెలియదు.

"ఇట్లియ్యి బిడ్డా" అన్నాను.

సైకిల్‌ను తలకిందులు చేసి, బొటనవేలు గోరును రిమ్ముకు వెంట్రుకవాసి దూరంలో ఆనించి చక్రం తిప్పాను. గోరుకు తగిలినచోట ఒక వైపు స్పోకు పావు చుట్టు బిగించి, ఎదురుగా ఉన్నదాన్ని అంతే వదులు చేశాను. పది నిమిషాల్లో చక్రం నీళ్ళలో చేపలా తిరిగింది. పిల్లలు సెల్‌ఫోన్లలో వీడియో తీశారు.

"తాతా, ఎవరి దగ్గర నేర్చుకున్నరు మీరు?" అని అడిగాడు ఆ పిల్లవాడు.

"ఒక సారు ఉండె" అన్నాను. చాయ్ తాగమన్నారు, పని ఉందని చెప్పి వచ్చేశాను. పనేమీ లేదు. ఇంటికొచ్చి కూర్చుంటే పొద్దు గుంకేదాకా ఆ సారే కళ్ళముందు ఉన్నాడు.

నాకప్పుడు పదిహేడేళ్ళు. తెలంగాణ కావాలని మొదటిసారి ఊళ్ళన్నీ లేచిన ఏడాది అది. చలికాలంలో మూతపడిన మా కాలేజీ ఎండాకాలం వచ్చినా తెరుచుకోలేదు. దిల్‌సుఖ్‌నగర్ అంటే అప్పుడు రోడ్డుకు అటూ ఇటూ కొత్తగా లేస్తున్న ఇళ్ళు, వాటి వెనక జొన్నచేలు, సరూర్‌నగర్ చెరువు మీదినుంచి వచ్చే గాలి. ఇప్పుడు ఎల్బీ నగర్ చౌరస్తా ఉన్న దిక్కంతా ద్రాక్షతోటలు. బెజవాడ రోడ్డు మీద గంటకు నాలుగు లారీలు, రెండు బస్సులు. మిగిలిన రోడ్డు సైకిళ్ళది.

మా నాయిన వడ్రంగి. నల్లగొండ జిల్లాలో మా ఊళ్ళో నాగళ్ళు చేసిన చేతులతోనే ఇక్కడి కొత్త ఇళ్ళకు దర్వాజాలు, కిటికీలు చేసేవాడు. మేం ఒక ఇంటి వెనక రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్ళం. అదే ఇంటి ముందుభాగంలో, అరుగు ఉన్న వాటాలో, గుంటూరు సారు ఉండేవాడు. ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. పాతికేళ్ళు దాటి ఒకటో రెండో. ఏడాది కిందటే పెళ్ళయింది. పేరు అందరికీ తెలుసు గాని ఎవరూ పేరుతో పిలిచేవాళ్ళు కాదు. గుంటూరు సారు అంటే ఆయనే.

ఆయన సైకిల్ సంగతి చెప్పాలి. వాళ్ళ నాన్న వాడిన, ఇంగ్లండు నుంచి వచ్చిన పాత సీమ సైకిల్ అది. నల్లటి నలుపు. దాని మీద బంగారు గీతలు ఎండిన రంగులో ఇంకా కనబడుతుండేవి. హ్యాండిల్‌కు కొబ్బరినూనె రాసి పాత పంచె ముక్కతో తుడిచేవాడు. ఇరుసుల మీద పసుపు, ఎరుపు పూలరింగులు తొడిగాడు. చక్రం తిరుగుతున్నంతసేపూ అవి తిరుగుతూ ఇరుసును మెరిపించేవి. చైనుకు కవరు, ముందు డైనమో దీపం, వెనక మడ్‌గార్డుకు తోలు నాలుక. ఆఫీసుకు వెళ్ళేముందు ప్యాంటుకు క్లిప్పులు పెట్టుకుని, గంట ఒక్కసారి మోగించి చూసుకుని ఎక్కేవాడు. ఆ మోతకు మా అమ్మ పొయ్యిమీద ఎసరు పెట్టేది. గడియారం మా ఇంట్లో లేదు.

నాకు నాయిన పాత సామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజారులో ఒక సైకిల్ కొనిచ్చాడు. కొనడమంటే ఒక ఫ్రేము, రెండు చక్రాలు, ఒక హ్యాండిల్ ఒకచోట పోగుచేసి తేవడమే. మడ్‌గార్డులు లేవు, బ్రేకులు లేవు. కాలు నేలకు రాస్తే ఆగేది. రెండురోజులు తొక్కి చూశాక సారు నన్ను అరుగు దగ్గర ఆపాడు.

"ఏమోయ్, దీన్ని సైకిల్ అంటావా నువ్వు?"

"ఏమంటరు సారు మరి?"

"ఆదివారం పొద్దున్నే గోనెపట్టా, కిరసనాయిలు సీసా తీసుకురా. అప్పుడు చెప్తాను."

ఆ ఆదివారం అరుగు ముందు గోనెపట్టా పరిచి, నా సైకిల్‌ను తలకిందులు చేసి, నట్టు నట్టూ విప్పించాడు. ఆయన ఒక్కటీ ముట్టుకోలేదు. పక్కన కూర్చుని చెప్పాడు. పెడళ్ళ దగ్గరి ఇనప గోలీలు ఒక పళ్ళెంలో కిరసనాయిలు పోసి కడిగించాడు. ఎన్ని తీశానో లెక్కపెట్టి మరీ లోపల వేయించాడు. చక్రం వంకర తీయడం నేర్పడానికి మూడు ఆదివారాలు పట్టింది.

"చూసి బిగించకు. విని బిగించు" అనేవాడు. స్పోకును గోటితో మీటి చెవి దగ్గర పెట్టమనేవాడు. "అన్నీ ఒకే శ్రుతిలో పలకాలి. ఒక్కటి తేడాగా పలికిందంటే చక్రం అక్కడే మోసం చేస్తుంది."

లోపలినుంచి ఆయన భార్య పెసరట్లు తెచ్చేది. ఆమెను నేను అక్కా అనేవాణ్ణి, ఆమె తమ్ముడూ అనేది. చేతులకు గ్రీజు అంటి ఉంటే, "కడుక్కోకుండా ముట్టావంటే ఊరుకోను తమ్ముడూ" అని పళ్ళెం వెనక్కి లాక్కునేది. మా అమ్మ బియ్యప్పిండితో తపాలచెక్క చేసినరోజు వాళ్ళకు ఒకటి వేడివేడిగా వెళ్ళేది. వాళ్ళ గోంగూర పచ్చడి మా ఇంటికి వచ్చేది. కిరసనాయిలు వాసన, అల్లం వేసిన పెసరట్టు వాసన కలిస్తే నాకు ఇప్పటికీ ఆదివారమే అనిపిస్తుంది.

సాయంత్రాలు మా లోకం రోడ్డు పక్కన చాచా దుకాణం దగ్గర ఉండేది. చాచా పంచర్లు వేసేవాడు, కిరాయికి సైకిళ్ళు ఇచ్చేవాడు. ఆయన తడక కింద పంచర్ల సొల్యూషన్ వాసన, నీళ్ళ తొట్టి, రెండు బల్లలు. ఆఫీసులూ పనులూ అయ్యాక అక్కడ ఏడెనిమిది మంది చేరేవాళ్ళం. పాలు పోసే ఒకాయన హ్యాండిల్‌కు రెండు వైపులా అద్దాలు పెట్టుకుని, రోడ్డు కంటే తన మీసాలు ఎక్కువ చూసుకునేవాడు. ఒక దర్జీ సీటుకు వెల్వెటు కుట్టి, చుట్టూ కుచ్చులు వేలాడదీశాడు. వాన వస్తే ముందు సీటు తీసి చొక్కాలో దాచుకుని, తర్వాత తను తడిసేవాడు. అందరం కలిసి ద్రాక్షతోటల దాకా తొక్కి, అక్కడ కాసేపు నిలబడి, తిరిగి వచ్చేవాళ్ళం. వెళ్ళి చేసే పనేమీ లేదు. వెళ్ళేటప్పుడు చూసేవాళ్ళు చూడాలి, అంతే. తోట కాపలాయన కళ్ళు కప్పి ఎన్ని గుత్తులు తెంపామో. ఒకసారి ఆయన కర్ర పట్టుకుని వెంటబడితే గుంటూరు సారు కూడా మాతో సమానంగా తొక్కాడు. చాచా దుకాణం చేరాక చొక్కా జేబులోంచి నలిగిన గుత్తి తీసి, "గవర్నమెంటు ఉద్యోగినోయ్ నేను" అని తనలో తనే నవ్వుకున్నాడు.

ఆ రోజుల్లోనే మా అన్న ఇంట్లో ఉండడం తగ్గింది. అన్న డిగ్రీ పాసై రెండేళ్ళు. నౌకరికి పెట్టిన దరఖాస్తులన్నీ ఎక్కడో ఆగిపోతున్నాయి. స్థానికులకు దక్కవలసిన కొలువుల్లో బయటివాళ్ళు కూర్చున్నారని ఊరంతా అంటున్నది. అది ఊరికే అంటున్న మాట కాదు, మా అన్నే దానికి సాక్ష్యం. అన్న ఊరేగింపుల్లో నడిచాడు, సభల్లో మాట్లాడాడు. ఇంటికొస్తే గొంతు పోయి ఉండేది. అక్క మిరియాల పాలు పంపేది.

ఒకరోజు సారు అరుగు మీద కూర్చుని పేపరు మడిచి నాతో అన్నాడు: "మీ అన్నయ్య అడిగేదాంట్లో తప్పు లేదోయ్. నేను వాళ్ళ కుర్చీలో కూర్చున్నానేమో, నాకే తెలీదు. పొమ్మంటే పోతాను. కాకపోతే పొమ్మనేవాళ్ళు మర్యాదగా చెప్తే బావుంటుంది."

ఆ మాట అన్నకు చెబితే, "మంచి మనిషిరా" అన్నాడు.

ఉగాదినాడు చాచా దుకాణం వెనక మైదానంలో నెమ్మది సైకిల్ పందెం పెట్టారు. ఆ పందెంలో ముందు చేరినవాడు ఓడినట్టు. కాలు కింద పెట్టకుండా, గీత దాటకుండా, అందరికన్నా వెనకపడినవాడే గెలిచినట్టు. నేను ఇరవై రోజులు సాధన చేశాను. చక్రాలు వెంట్రుక వంకర లేకుండా బిగించుకున్నాను. నా సైకిల్‌కు అప్పటికి మడ్‌గార్డులు, బ్రేకులు, ఎర్ర పిడులు వచ్చాయి. సగం దూరంలోనే పాలాయన, దర్జీ కాళ్ళు పెట్టేశారు. చివరికి నేనూ సారూ మిగిలాం. ఇద్దరి సైకిళ్ళూ కదులుతున్నట్టు లేవు. నేను ఊపిరి బిగబట్టి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పుతున్నాను. ఆయన ముఖంలో ఏ కష్టమూ లేదు. పైగా నావైపు చూసి మెల్లగా, "ఊపిరి బిగబట్టకు, వదులు" అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. కాలు నేలకు తగిలింది.

జనం ఈలలు వేశారు. సారు దిగి నా భుజం మీద చెయ్యి వేసి అందరికీ వినబడేట్టు, "వీడు నా శిష్యుడు. వచ్చే ఏడు నన్ను ఓడిస్తాడు చూడండి" అన్నాడు.

ఇప్పుడు తలుచుకుంటే అంతకంటే మంచి మాట నా గురించి ఎవరూ అనలేదు. కానీ ఆ జనంలో సైదాబాద్ నుంచి వచ్చిన నా కాలేజీ దోస్తు ఉన్నాడు. పిలిచింది నేనే, గెలుస్తానని. మర్నాడు నలుగురిలో అన్నాడు: "ఏమిరా, ఆంధ్రాయన శాగిర్దువంట గదా? మనోళ్ళకు సైకిల్ తొక్కుడు గూడ వాళ్ళే నేర్పాలెనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాతి ఆదివారం గోనెపట్టా తీసుకుని అరుగు దగ్గరికి వెళ్ళలేదు. కడుపునొప్పి అన్నాను. పై ఆదివారం ఇంకేదో అన్నాను. సారు అడగడం మానేశాడు గాని, ఎదురైతే నవ్వడం మానలేదు.

ఎండలు ముదిరాయి. కాల్పులు, కర్ఫ్యూలు. ఒక ఊరేగింపులో అన్నను పట్టుకుని జైల్లో వేశారు. అమ్మ రోజూ గుమ్మంలో కూర్చునేది. అన్న జైల్లో ఉన్నాడు కాబట్టి నేను ఏదో ఒకటి చేయాలనిపించింది. బంద్ రోజున దోస్తులతో కలిసి మలక్‌పేట రైలు బ్రిడ్జి దగ్గర రోడ్డుకు అడ్డం నిలబడ్డాను. రాళ్ళు పేర్చి, టైర్లు కాల్చి, పోయేవాళ్ళను ఆపి జై తెలంగాణ అనిపించి పంపుతున్నాం. పొద్దు నెత్తిమీదికి వచ్చినప్పుడు పట్నం వైపునుంచి ఆ సైకిల్ రావడం చూశాను. దూరం నుంచే తెలిసింది. అలా మెరిసే హ్యాండిల్ ఇంకొకటి లేదు.

నేను ఇద్దరు మనుషుల వెనక్కి జరిగాను.

"యాడికి?" అని ఆపారు.

"ఇంటికండి. మందుల షాపాయన వెనక తలుపు తీసి ఇచ్చాడు. మా ఆవిడ కడుపుతో ఉంది, వాంతులు తగ్గట్లేదు" అని చొక్కా జేబులోంచి సీసా తీసి చూపించాడు.

ఆ 'అండి', ఆ 'తగ్గట్లేదు' చాలు, ఎక్కడివాడో తెలియడానికి. అయినా ఒకరిద్దరు, "పోనియ్యిరి, మందుల కోసమంటున్నడు" అన్నారు. ఇంకొకడు, "సైకిల్ చూడుండ్రి ఎట్ల మెరుస్తున్నదో. మన నౌకర్లు చేసుకుంట గీ షోకులు" అన్నాడు. సైదాబాద్ దోస్తు నన్ను చెయ్యి పట్టి ముందుకు లాగాడు.

"గీయనేనారా మీ గుంటూరాయన?"

సారు నన్ను చూశాడు. ఆయన ముఖంలో పెద్ద బరువు దిగిన వెలుగు. ఇక ఫరవాలేదు, మనవాడున్నాడు అన్నట్టు.

"కాదు. నాకెరుక లేదు" అన్నాను.

ఎరుకే అని ఆయన ఒక్కమాట అంటే నా అబద్ధం అక్కడే బయటపడేది. అనలేదు.

ఒకడు పెద్ద రాయి ఎత్తి సైకిల్ మీద వేయబోయాడు. "రాయెందుకు? చక్రం తీసేస్తే సరి" అన్నాను నేను. ఎవరూ అడగలేదు. ఆ మాట నాదే. జేబులో పానా ఎప్పుడూ ఉండేది. వంగి రెండు నట్లు వదులు చేసి, బ్రేకు కడ్డీ తప్పించి, ముందు చక్రం ఊడదీశాను. నిమిషం పట్టలేదు. నట్లు విప్పాక వాటిని పోకుండా మళ్ళీ ఇరుసుకే తిప్పిపెట్టాలని ఆయన నేర్పాడు. అలవాటుగా అట్లాగే తిప్పిపెట్టాను. తల ఎత్తితే ఆయన నా ముఖం చూడడం లేదు, నా చేతులు చూస్తున్నాడు.

చక్రాన్ని ఎవరో లాక్కుని బ్రిడ్జి పక్కన నాలాలోకి విసిరారు. సారు సీసా జేబులో పెట్టుకుని, సైకిల్‌ను భుజానికి ఎత్తుకుని దిల్‌సుఖ్‌నగర్ దిక్కు నడిచాడు. మిట్టమధ్యాహ్నం. రెండు మైళ్ళు.

సైకిల్‌ను కాపాడానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నేను లేకపోతే రాయి పడేది, ఫ్రేమే విరిగేది అని. ఇది వినడానికి బాగానే ఉంటుంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ అరుగు దగ్గర నుంచి వస్తున్నది. "పాపం సారును ఎవరో పోరగాళ్ళు ఆపిండ్రంట బిడ్డా. చక్రం గుంజుకున్నరంట. ఎవరో ఎరుక లేదన్నడు. నువ్వు గా దిక్కే ఉంటివి గదా, చూసినవా?"

"చూడలే" అన్నాను.

ఆయన చెప్పలేదు. తెల్లవారకముందే లేచి బ్రిడ్జి దగ్గరికి వెళ్ళి నాలాలోకి దిగాను. మోకాటి లోతు బురద. చక్రం దొరికింది గాని, రాయికి తగిలి రిమ్ము వంగిపోయి, నాలుగు స్పోకులు తెగి ఉన్నాయి. చాచా దగ్గర స్పోకులు అడిగాను. చాచా చక్రాన్ని గుర్తుపట్టాడు. స్పోకులు చేతిలో పెట్టి, "బేటా, ఇనుము సీదా అయితది. జర ఓపిక కావాలె" అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

రెండురోజులు మా వెనక గదిలో తలుపు వేసుకుని ఆ చక్రం మీదే కూర్చున్నాను. కిరసనాయిలుతో కడిగాను. పూలరింగులను సబ్బుతో ఉతికి ఆరబెట్టాను. ఒక్కొక్క స్పోకును మీటి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. అమ్మ తలుపు తోసి చూసింది. ఆ చక్రాన్ని, నన్ను మార్చి మార్చి చూసింది. అప్పుడు చెప్పాను అంతా.

అమ్మ తిట్టలేదు. కింద కూర్చుంది. "ఆ పిల్ల నా చేతి చారు తప్ప ఏదీ నోట్లె పెడుతలేదురా. ఇగ ఏ మొకంతోని తీస్కపోవాలె నేను?" అన్నది. అయినా ఆ సాయంత్రం చారు గిన్నె పట్టుకుని వెళ్ళింది. తల దించుకుని వెళ్ళింది.

మూడోరోజు పొద్దున చక్రం తీసుకుని అరుగు ఎక్కాను. సారు లుంగీలో ఉన్నాడు. ముందు చక్రం లేని సైకిల్ గోడకు ఆనించి ఉంది.

"సారు, చక్రం మంచిగయింది. ఒకసారి తిప్పి చూడుండ్రి" అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ నేను వస్తే లేచేవాడు కాదు.

"మీకెందుకండీ శ్రమ. అక్కడ పెట్టండి" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఏమోయ్ అని, నువ్వు అని, ఒరేయ్ అని కూడా పిలిచిన మనిషి నన్ను మీరు అన్నాడు. కొట్టినా నిలబడగలిగేవాణ్ణి. చక్రం గోడకు ఆనించాను. ఇంకా ఏదో చెప్పాలని నిలబడితే, "ఉంటానండీ" అని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు.

వారానికి అన్న జైలు నుంచి వచ్చాడు. గడ్డం పెరిగి, చిక్కిపోయి ఉన్నాడు. అమ్మ చెప్పిందంతా విని నన్ను ఇంటి వెనక్కి పిలిచాడు. కొడతాడనుకున్నాను.

"మనం సర్కారుతోని కొట్లాడుతున్నం. సారుతోని కాదు" అన్నాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "ఎరుకైన మనిషిని ఎరుక లేదనుమని ఏ లీడరు చెప్పిండురా నీకు?"

"అందరు అడిగిరి అన్నా. భయమైంది."

"భయం కాదు. పందెంల ఓడినవ్, అందుకు తీసినవ్ చక్రం. దానికి తెలంగాణ పేరు పెట్టకు."

అన్న ఆ తర్వాత సారు దగ్గరికి వెళ్ళి కూర్చుని వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. అన్నతో సారు మునుపటిలాగే మాట్లాడాడని మాత్రం అమ్మ ద్వారా తెలిసింది.

తొలకరికి ముందే వాళ్ళు వెళ్ళిపోయారు. ఆయనే బదిలీ అడిగి వేయించుకున్నాడట. లారీ వచ్చింది. అక్క మెల్లగా అమ్మ దగ్గరికి వచ్చి, కాళ్ళకు దండం పెట్టింది. అమ్మ కుంకుమ పెట్టి, దారిలో తినమని తపాలచెక్కలు మూటగట్టి ఇచ్చింది. నేను ఇంటి వెనక జామచెట్టు దగ్గర నిలబడి చూస్తున్నాను. మంచం, ట్రంకుపెట్టెలు, గిన్నెల గోనె ఎక్కించాక, చివర సైకిల్ ఎక్కించారు. దానికి ముందు చక్రం ఉంది. అది చూసి నా గుండె తేలికపడింది. లారీ కదిలేటప్పుడు సరిగ్గా చూశాను. ఇరుసు మీద పూలరింగు లేదు. రిమ్ము కొత్తది, ఇంకా కంపెనీ కాగితం అంటుకుని ఉంది.

లారీ మలుపు తిరిగాక అరుగు ఎక్కి చూశాను. నేను బాగుచేసిన చక్రం ఆనించినచోటే ఉంది. ఆ మధ్య వచ్చిన దుమ్ము దాని మీద సన్నగా పేరుకుంది. ఆయన దాన్ని ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు.

దాన్ని చాచాకు ఇచ్చేశాను. ఏదో కిరాయి సైకిల్‌కు వేశాడు. అది చాలా ఏళ్ళు ఎవరెవరినో మోస్తూ తిరిగింది. తర్వాత ద్రాక్షతోటలు ప్లాట్లయ్యాయి. పాలాయన మోపెడ్ కొన్నాడు, దర్జీ స్కూటర్ కొన్నాడు. చాచా దుకాణం రోడ్డు వెడల్పులో పోయింది. అన్నకు ఆలస్యంగా బడిపంతులు ఉద్యోగం వచ్చింది. తెలంగాణ వచ్చిన రోజు చూడడానికి అన్న లేడు. ఆ రోజు రోడ్డు మీద పిల్లలు రంగులు చల్లుకుంటుంటే నాకు సంతోషంగానే ఉంది. ఎవరో నా చేతికి మిఠాయి ఇచ్చి, "పెద్దాయినా, మీరు మొదటి దాంట్ల గూడ కొట్లాడిండ్రంట గదా" అన్నారు. తల ఊపాను. ఏం కొట్లాడానో చెప్పలేదు.

అంతకు చాలా ఏళ్ళ ముందే నాకు బస్సుల వర్క్‌షాపులో పని దొరికింది. చేతి పని బాగుందని త్వరగా పైకి వచ్చాను. నా ముప్ఫయ్యో ఏట ఒకసారి పనిమీద గుంటూరు పంపారు. పని శనివారమే అయిపోయింది. ఆదివారమంతా నాదే. సారు వాళ్ళ ఊరు అక్కడికి గంట ప్రయాణం. ఊరు పేరు నాకు బాగా తెలుసు. అక్క పుట్టింటికి రాసే ఉత్తరాలు, అత్తగారికి రాసే ఉత్తరాలు పోస్టు డబ్బాలో వేసింది నేనే కదా.

పొద్దున్నే బస్టాండుకు వెళ్ళి కూర్చున్నాను. ఆ ఊరి బస్సు వచ్చింది. కండక్టరు ఊరు పేరు అరిచాడు. ఏం చెప్పాలో తేల్చుకుని ఎక్కుదామనుకున్నాను. బస్సు వెళ్ళిపోయింది. కాఫీ తాగాను. ఇంకో బస్సు వచ్చింది. క్షమించండి అనాలా, అప్పుడు చిన్నవాణ్ణి అనాలా, అసలు గుర్తున్నానా అని అడగాలా. అదీ వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా నాలుగు బస్సులు వెళ్ళాయి. నేను హైదరాబాద్ బస్సు ఎక్కాను. మళ్ళీ ఎప్పుడైనా వద్దామనుకున్నాను. మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు.

ఆయన ఉంటే ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి. ఆ కడుపులోని బిడ్డకు యాభై దాటి ఉంటాయి. ఆడపిల్లో మగపిల్లాడో కూడా నాకు తెలియదు.

ఇన్నేళ్ళకు ఒకటి అర్థమైంది. ఆ రోజు ఏం చెప్పాలో తేలవలసిన అవసరం లేదు. వెళ్ళి గుమ్మం ముందు నిలబడితే చాలు, ఆయనే ఏదో ఒకటి అనేవాడు. తిట్టేవాడో, పొమ్మనేవాడో, లోపలికి రమ్మనేవాడో. ఆ ఒక్క అవకాశం ఆయనకు కూడా నేను ఇవ్వలేదు.